గావో దర్జీ ఖాతా

ఏప్రిల్‌లో మొదటివాళ్ళు వచ్చారు.
జీపు దిగి, తలపాగాలోంచి కళ్ళు మాత్రం చూపించి
నా బల్ల మీద గుడ్డలు పడేశారు:
ఆకుపచ్చ, ఎరుపు, నలుపు, మూలకి ఒక పసుపు త్రికోణం.
"ఇది మా దేశం, సాయంత్రానికి కావాలి" అన్నారు.
దేశం కుట్టడానికి ఎంత దారం పడుతుందో
అంతకు ముందెప్పుడూ లెక్క వేసి ఎరగను.
ఇరవై రెండు జెండాలు. రీలున్నర.
డబ్బులు రేపన్నారు.
ఆ రేపు ఖాతా పుస్తకంలో ఇంకా అలాగే ఉంది.

పసుపు కత్తిరించింది నా దగ్గర పని నేర్చుకునే అత్తాహెర్.
టువారెగ్ కుర్రాడు, పదమూడేళ్ళు.
వాళ్ళన్న ఆ జీపులోనే కూర్చున్నాడు.
అందుకే మూల సూటిగా రావాలని
నాలిక బయటపెట్టి మరీ కత్తిరించాడు.

తర్వాత ఆసుపత్రి మంచాలు పోయాయి.
బ్యాంకు తలుపులు, బడి బల్లలు, గోదాములో ఆఖరి బస్తా.
సంతలో మా వదిన హంసాతు విజిలా రొట్టెలు ఆవిరికి పెడుతుంటే
గిన్నెతో సహా పట్టుకుపోయారు.
నల్లజెండావాళ్ళు ఆసుపత్రికి డీజిల్ తెచ్చి పోశారు,
గిన్నె వెతికి తెచ్చి చేతికిచ్చారు.
సొట్టపడింది. అయినా తెచ్చారు.
ఆ సొట్టని ఎన్నాళ్ళు మెచ్చుకున్నామో!

జూన్ ఆఖర్న ఒక బుధవారం
గవర్నరు మేడ వైపు నుంచి మొదలైంది.
ఎవరో గుడ్డ చింపుతున్నారనుకున్నాను,
ముతక గుడ్డ, పోగు వెంట, ఒక్క లాగులో.
కుట్టుమిషను కింద నేనూ అత్తాహెరూ.
పేలుడు పేలుడుకీ చక్రం దానంతటదే కదిలి
పైనున్న ఎవరి చొక్కాలోనో ఒక కుట్టు పడేది.
ఎవరు గెలుస్తున్నారని వాడు నన్నడగలేదు.
ఎవరు గెలవాలని మొక్కుతున్నానో నేను చెప్పలేదు.
మోకాలికి మోకాలు ఆనించుకుని
ఒకే దేవుణ్ణి రెండు వేరు వేరు సంగతులు అడిగాం.

మధ్యాహ్నం దాటాక నాలుగు రంగులూ దిగాయి.
నది వైపు పరుగెత్తినవాళ్ళలో కొందరే పడవ అందుకున్నారు.
జనం వీధిలోకొచ్చారు. నేనూ వచ్చాను.
చప్పట్లు కొట్టాం.
దీన్ని మార్చి చెప్పను. ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు.
ఈ చేతులే.
వేలితొడుగు తియ్యడం మరిచిపోయాను,
నా చప్పట్లో ఇనుము మోగింది.
వెనక్కి తిరిగితే గుమ్మంలో అత్తాహెర్.

ఆ రాత్రి వాళ్ళమ్మ వాణ్ణి నది దాటించింది.
దీపం లేకుండా, నీటిగడ్డిలోంచి,
సాయంత్రాలు గులాబీ రంగు తిరిగే ఆ ఇసుకదిబ్బ వైపు.
వెళుతూ నా కత్తెర తీసుకెళ్ళాడు. అడగలేదు.

రెండు వారాలకి హుకుం వచ్చింది:
లాగు చీలమండకి బెత్తెడు పైన ఉండాలి.
ఊరు ఊరంతా నా కొట్టు ముందు బారు తీరింది.
టీవీ లేదు, బంతి లేదు, పెళ్ళిలో పాట లేదు,
నాకు మాత్రం పుట్టి బుద్ధెరిగాక అంత బేరం లేదు.
అరువు కత్తెరతో
బెత్తెడు బెత్తెడు కోశాను.
బడిపంతులు, రేడియోలో మాట్లాడే సుమైలా, చేపలవాళ్ళు,
ఆ రోజు నా పక్కన నిలబడి ఈలలు వేసిన ఇద్రిస్సా.
ఎవరూ నా ముఖం చూడలేదు.
టేపు పట్టుకుని వంగినవాడికి మాత్రం
పాదాలు కాక ఏం కనిపిస్తాయి?

కోసిన పీలికలు మూడు గోనెలయ్యాయి.
పారెయ్యలేదు. ఎందుకో అడక్కండి.

గోడ మీద సుద్దతో ఒక కొలత ఉంది,
రంజానుకి అత్తాహెర్‌కి కుడతానన్న చొక్కాది.
భుజం పదమూడు. చెయ్యి పందొమ్మిది.
ఇప్పుడా లెక్క పనికిరాదు.
తుపాకి పట్టీ వేలాడితే
భుజం ఒక పక్కకి అంగుళం వాలుతుంది.
అలాంటి చొక్కాలు రెండు వైపులవాళ్ళకీ కుట్టాను,
నాకు తెలుసు.